మా అబ్బాయి షాక్ కొట్టే సర్క్యూట్ చేస్తానంటున్నాడు, ఆపాలా?

తూర్పు గోదావరి జిల్లా నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. వాళ్ళబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. బళ్ళో సైన్స్ ఎగ్జిబిషన్‌కి "మనిషికి చిన్న షాక్ కొట్టే యంత్రం" చేస్తానని పేరిచ్చి వచ్చాడు. వీడియోలు చూసి, మూలన పడున్న ఫిల్మ్ కెమెరా విప్పి ఫ్లాష్ బోర్డు బయటికి తీశాడు. ఫోన్ చార్జర్‌తో అయితే ఇంకా తేలికని స్నేహితుడొకడు చెప్పాడట. ఈవిడ తమ్ముడు పన్నెండేళ్ళ కిందట పొలంలో మోటారు స్టార్టర్ దగ్గర కరెంటు పట్టేసి చనిపోయారు. అప్పట్నుంచి ఇంట్లో బల్బు మార్చాలన్నా ఆవిడ చెయ్యి వణుకుతుంది. భర్తేమో, "వాడేదో నేర్చుకుంటున్నాడు, నీ భయం వాడికి అంటించకు" అంటున్నారు. తిట్టిన రోజు నుంచి పిల్లాడు సామానంతా మేడ మీది గదిలోకి మార్చి తలుపేసుకుని చేస్తున్నాడు. సంక్రాంతికి వచ్చే బావలందరికీ షేక్‌హ్యాండిచ్చి షాక్ కొట్టించాలని వాడి సరదా. ఇంట్లో అత్తగారికి రెండేళ్ళ కింద పేస్‌మేకర్ పెట్టారు. "ఆపితే దొంగచాటుగా చేస్తాడు. ఒప్పుకుంటే నాకు నిద్ర పట్టదు. 'ఏం కాదమ్మా, ముందు నీ చేతికే పెట్టి చూపిస్తా' అంటున్నాడు. నేనేం చెయ్యాలి?" అని ఉత్తరం ముగించారు.

అమ్మా, మిగతా మాటలన్నిటికంటే ముందు మేడ మీదున్న ఆ ఫ్లాష్ బోర్డు సంగతి చూడండి. ఈ ఒక్క పని మాత్రం ఇవాళే జరగాలి.

ఆ బోర్డు మీద బొటనవేలంత నల్లటి గొట్టం ఒకటుంటుంది. అదే కెపాసిటర్, కరెంటును చార్జిగా దాచుకునే భాగం. దాని ఒంటి మీద 330 వోల్టులనీ, 80 నుంచి 120 మధ్యలో మైక్రోఫారడ్‌లనీ అచ్చు వేసి ఉంటుంది. 1.5 వోల్టుల పెన్‌టార్చి సెల్‌తోనే ఆ బోర్డు దాన్ని సుమారు 300 వోల్టుల దాకా నింపుతుంది. సెల్ తీసేసినా ఆ చార్జి గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి అలాగే ఉండిపోతుంది. చూడ్డానికి చచ్చిన బోర్డులా ఉంటుంది, వేలు తగిలితే 4, 5 జౌల్‌ల శక్తి ఒక్క దెబ్బలో దిగుతుంది. చర్మం కాలుతుంది. రెండు చేతుల మధ్య నుంచి, అంటే గుండె మీదుగా వెళితే ప్రాణానికే ప్రమాదం. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి కెపాసిటర్ రెండు కాళ్ళూ కలిపెయ్యడం చాలామంది చేసే పని. అప్పుడు లేచే నిప్పురవ్వకు లోహం కరిగి కంట్లో పడొచ్చు, అలా చెయ్యనివ్వకండి.

సరైన పద్ధతి ఇది. సెల్ తీసేయాలి. 10 కిలో ఓమ్, 2 వాట్ రెసిస్టర్ ఒకటి తీసుకుని, దాని రెండు కాళ్ళకూ ప్లాస్టిక్ తొడుగున్న క్లిప్పు వైర్లు బిగించాలి. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, రెండో చేత్తో ఆ క్లిప్పుల్ని కెపాసిటర్ రెండు కాళ్ళకూ ఒకదాని తర్వాత ఒకటి తగిలించాలి. అలా 10 సెకన్లు ఉంచి, మల్టీమీటర్‌ని 1000 వోల్టుల డీసీ మీద పెట్టి చూడాలి. 5 వోల్టుల లోపు చూపిస్తేనే ముట్టుకోవాలి. మీవారికి మీటరు అలవాటు లేకపోతే ఊళ్ళో టీవీలు బాగుచేసే మనిషికి అప్పగించండి, నిమిషం పని. బోర్డు ఎత్తేటప్పుడు దాని అంచులు పట్టుకోవద్దు, అది పెట్టి ఉన్న డబ్బాతో సహా తియ్యండి. దోమల బ్యాట్ విప్పి ఉంటే దానిదీ ఇదే కథ, అందులో వోల్టులు వెయ్యి దాటతాయి కాబట్టి ఈ మీటరు కూడా పెట్టకుండా నేరుగా ఆ మెకానిక్‌కే ఇచ్చేయండి.

ఇక మీ భయం దగ్గరికి వస్తాను. మీ తమ్ముణ్ణి తీసుకెళ్ళిన కరెంటు, మీ అబ్బాయి చెయ్యాలనుకుంటున్న షాకు ఒకటేనా? ఆ తేడా మీకు తెలియాలి, వాడికి అంతకంటే బాగా తెలియాలి. పొలంలో స్టార్టర్ దగ్గర ఫేజుకీ భూమికీ మధ్య 230 వోల్టులుంటాయి. తడి చేతులు, బురదలో కాళ్ళు ఉంటే శరీరం అడ్డుకునే శక్తి సుమారు 1000 ఓమ్‌లకు పడిపోవచ్చు. అప్పుడు ఒంట్లోంచి 230 మిల్లీ యాంపియర్లు పోతాయి. 10 మిల్లీ యాంపియర్ల దగ్గరే కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నది వదలలేం. మనవాళ్ళు "కరెంటు పట్టేసింది" అనేది దాన్నే. వదలలేకపోతే సెకన్లు గడుస్తాయి, అన్ని సెకన్లూ ట్రాన్స్‌ఫార్మర్ ఇస్తూనే ఉంటుంది. ప్రాణం తీసేది ఆ ఎడతెగనితనం. వోల్టుల అంకె ఒక్కటే చూసి బెదరడం, ఒక్కటే చూసి తేలిగ్గా తీసుకోవడం రెండూ పొరపాటే. చలికాలంలో ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి తలుపు గడియ ముట్టుకుంటే చిటుక్కుమంటుంది చూశారా, అక్కడ వేల వోల్టులుంటాయి. కానీ మొత్తం శక్తి కొన్ని మిల్లీజౌల్‌లే, సెకనులో లక్షో వంతు గడవకముందే అయిపోతుంది.

కాబట్టి మీ అబ్బాయిని అడగాల్సింది "ఎన్ని వోల్టులురా?" అని కాదు. "ఒక దెబ్బకి ఎన్ని జౌల్‌లు? అది అయిపోయాక వెనకాల ఇంకా ఇచ్చేదేమన్నా ఉందా?" అని అడగండి. మొదటిదానికి కాగితం మీద లెక్కా, రెండోదానికి "లేదు" అన్న జవాబూ రానంతవరకు ఆ సర్క్యూట్ ఎవరి చేతికీ తగలకూడదు. ఫోన్ చార్జర్ ఇక్కడే పనికిరాకుండా పోతుంది. దాని వెనకాల ఉన్నది గోడ కరెంటు. నాసిరకం చార్జర్‌లో 230 వోల్టుల వైపునీ ఫోన్ వైపునీ వేరుచేసే గోడ చాలా పల్చన, అది పాడైందని బయటికి కనపడదు. గోడలోని ప్లగ్గుకి తగిలే ఏ వస్తువూ, ఇన్వర్టర్ అయినా, బ్యాటరీ ఎలిమినేటర్ అయినా, ఈ పనిలోకి రాకూడదు. ఇందులో బేరం లేదు.

అలాగని మొత్తం ఆపేస్తే? ఆపొచ్చు, మీ ఇల్లు, మీ పిల్లాడు. కానీ మీరే రాశారు, తిట్టాక వాడు తలుపేసుకున్నాడని. 300 వోల్టుల కెపాసిటర్ ముందు కూర్చున్న పిల్లాడికి, గదిలో ఇంకెవరూ లేకపోవడం ఆ కెపాసిటర్ కంటే పెద్ద ప్రమాదం. దెబ్బ తగిలితే కిందకి వచ్చి చెప్పడు, మీరు తిడతారని. రేపు స్నేహితుడింట్లో మొదలెడితే మీకసలు తెలియదు. అందుకని ఆపినా ఆపకపోయినా ఒక్క షరతు పెట్టండి: సామాను హాల్లోకి రావాలి, పెద్దవాళ్ళొకరు పక్కనుండగానే పని జరగాలి. అత్తగారి మంచం ఉన్న గదిలో మాత్రం వద్దు.

షాక్ అన్నదే లేకుండా వాడి సరదా తీర్చే దారి ఒకటుంది. వంకర్లు తిప్పిన దళసరి రాగి తీగ, దాని మీదుగా తగలకుండా నడిపించాల్సిన చిన్న వలయం, రెండు సెల్‌లు, ఒక 3 వోల్టుల బజర్. తీగకు వలయం తగిలితే కూత. జనం గుమిగూడతారు, ఎవరికీ ఏమీ కాదు. కాకపోతే తొమ్మిదో తరగతి పిల్లాడికి ఇందులో నేర్చుకునేది తక్కువ, వాడికి అది ముందే తెలిసి ఉంటుంది.

రెండో దారి నాకు నచ్చినది, వివరంగా చెబుతాను. ఒకే ఒక్క 1.5 వోల్టుల సెల్, పాత ట్యూబ్‌లైట్‌లోని రాగి చోక్. 1834లో విలియం జెంకిన్ అనే ఆయన ఒక విచిత్రం గమనించి ఫారడేకి చెప్పాడు. చిన్న బ్యాటరీకి తీగచుట్ట కలిపినప్పుడు ఏమీ లేదు, విడదీసినప్పుడు మాత్రం చేతికి షాక్ తగులుతోంది. ఆ సంగతి మీదే ఫారడే పరిశోధన సాగించాడు. మీ అబ్బాయి చెయ్యబోయేది అదే ప్రయోగం.

చోక్ అంటే బరువైన ఇనప డబ్బా లాంటిది, మీద 40 వాట్, 230 వోల్ట్, 50 హెర్ట్జ్ అని రాసి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ల కొట్లో పాతవి దొరుకుతాయి. తేలిగ్గా ప్లాస్టిక్ పెట్టెలో ఉండే ఎలక్ట్రానిక్ చోక్ పనికిరాదు, దాని లోపల వేరే సర్క్యూట్ ఉంటుంది. గోడకున్న ట్యూబ్‌లైట్ నుంచి పిల్లాణ్ణి పీకనివ్వొద్దు, విడిగా తెచ్చివ్వండి. ముందు మీటర్‌తో దాని రెండు చివరల మధ్య కొలిస్తే 30, 40 ఓమ్‌లు చూపించాలి. ఒక చివరకీ ఇనప ఒంటికీ మధ్య దారే లేనట్టు ఉండాలి, సున్నాతో సహా ఏ ఓమ్‌ల అంకే చూపించకూడదు. చూపిస్తే లోపల తీగ ఒంటికి తగులుతోందని అర్థం, పారేసి ఇంకోటి తెచ్చుకోండి.

ఇంకా కావలసినవి: ఒక సెల్ పట్టే హోల్డర్, కాలింగ్ బెల్ స్విచ్, ప్లాస్టిక్ తొడుగున్న వైరు ఒక మీటరు, ఒక చిన్న నియాన్ బల్బు, అడుగు పొడవు చెక్క. స్విచ్‌బోర్డుల మీద ఎర్రగా వెలిగే ఇండికేటర్‌లో ఉండేది ఆ నియాన్ బల్బే, ఎలక్ట్రానిక్స్ కొట్లో విడిగా ఇస్తారు. ఇండికేటర్ కొంటే లోపల బల్బుకి రెసిస్టర్ కూడా కట్టి ఉంటుంది, దానివల్ల వెలుగు తగ్గుతుంది. అందుకని విడి బల్బే మేలు.

కలిపే తీరు ఇది. సెల్ ప్లస్ నుంచి చోక్ ఒక చివరకి, చోక్ రెండో చివర నుంచి బెల్ స్విచ్‌కి, స్విచ్ నుంచి సెల్ మైనస్‌కి. నియాన్ బల్బు రెండు కాళ్ళూ చోక్ రెండు చివరలకి. అంతే. స్విచ్ నొక్కితే ఏమీ జరగదు, జరక్కూడదు కూడా. చోక్‌లో కరెంటు పూర్తిగా నిండడానికి సెకనులో పదో వంతు చాలు. వేలు తీసిన క్షణంలో బల్బు తళుక్కుమంటుంది. గదిలో దీపం ఆర్పి దగ్గరగా చూడమనండి: బల్బు లోపల రెండు సన్నటి కడ్డీలుంటాయి, వాటిలో ఒక్కదాని చుట్టూనే నారింజ వెలుగు అంటుకుంటుంది. చోక్‌కి సెల్ ప్లస్ తగిలిన వైపు కడ్డీ అది. సెల్‌ని తిరగేసి పెడితే వెలుగు రెండో కడ్డీకి మారుతుంది. స్విచ్ తెరుచుకోగానే చోక్ చివరల ప్లస్ మైనస్‌లు తారుమారవుతాయనడానికి కంటికి కనిపించే రుజువు అది. ఆ బల్బు వెలగడానికి 65 నుంచి 90 వోల్టులు కావాలి. ఒకటిన్నర వోల్టు నుంచి అంత ఎలా వచ్చిందన్నది జడ్జీలు అడిగే ప్రశ్న. కరెంటు ఎంత గబుక్కున ఆగితే చోక్ అంత వోల్టేజి పుట్టిస్తుందన్నది వాడి జవాబు.

ఇప్పుడు లెక్క. 1.5 వోల్టుని 35 ఓమ్‌లతో భాగిస్తే సుమారు 43 మిల్లీ యాంపియర్లు. చోక్ ఇండక్టెన్స్, అంటే కరెంటు మారడాన్ని అడ్డుకునే గుణం, 1.2 హెన్రీ అనుకుంటే, సగం ఇండక్టెన్స్‌ని కరెంటు వర్గంతో గుణిస్తే వచ్చే శక్తి 1 మిల్లీజౌల్ చిల్లర. ప్లాస్టిక్ కుర్చీ చిటుకు కంటే ఎక్కువేం కాదు. చేతికి తగిలితే సెకనులో వెయ్యో వంతు లోపలే చాలా మటుకు అయిపోతుంది. స్విచ్ మళ్ళీ నొక్కి వదిలితే తప్ప రెండో దెబ్బ లేదు. ఫ్లాష్ కెపాసిటర్‌లో ఉన్నది దీనికి నాలుగు వేల రెట్లు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. మీ అబ్బాయి తప్పకుండా "ఒక సెల్‌కి ఇంతే అయితే, 9 వోల్టుల బ్యాటరీ పెడితే?" అంటాడు. కరెంటు వర్గం కాబట్టి రెండు సెల్‌లకి శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు. 9 వోల్టులకి లెక్క ప్రకారం 36 రెట్లు. మామూలు కార్బన్ బ్యాటరీకి లోపలి నిరోధం ఉంటుంది కాబట్టి అంత రాకపోవచ్చు, మంచి ఆల్కలైన్ అయితే ఇంచుమించు అంతా వస్తుంది. హోల్డర్ ఒకే సెల్‌ది కొనమన్నది అందుకే. రిలే, అంటే కరెంటుతో తనే తెరుచుకుని మూసుకునే స్విచ్, పెట్టి దానంతటదే టకటకా కొట్టుకునేలా చేస్తాననీ అంటాడు. వద్దు. విడి విడి చిటుకులు గబగబా వస్తే కండరం బిగుస్తుంది, చెయ్యి వదలడం కష్టమవుతుంది. నొక్కుడుకి ఒక్కటే.

పని చెయ్యకపోతే ఎక్కడ చూడాలో కూడా చెబుతాను, లేకపోతే వాడు విసుగొచ్చి సెల్‌లు పెంచుతాడు. ఎక్కువసార్లు తప్పు స్విచ్‌లోనే ఉంటుంది: మెల్లగా వదిలితే, లోపల పలకలు మసిబారి ఉంటే, కరెంటు రవ్వగా సాగి సాగి ఆగుతుంది, వోల్టేజి పైకి లేవదు. వేలు టక్కున తియ్యాలి, లేదా కొత్త స్విచ్. తర్వాత సెల్. నొక్కి పట్టుకుని కూర్చుంటే అది ఊరికే అరిగిపోతుంది. ఎవరైనా చోక్ చివరల మధ్య డయోడ్, అంటే కరెంటును ఒకవైపే పోనిచ్చే చిన్న భాగం, కలిపి ఉంటే దెబ్బంతా అదే మింగేస్తుంది. అతుకులన్నిటికీ ఇన్సులేషన్ టేపు చుట్టండి. తీగను చేత్తో పట్టుకుని తాకించి తీసే అలవాటుంటే షాక్ తగిలేది ఆ తీసేవాడికే, జెంకిన్‌కి తగిలినట్టు.

చేతికి తగిలే ఏర్పాటు కావాలంటే, చెక్క మీద వంటింటి అల్యూమినియం ఫాయిల్ ముక్కలు రెండు, వేలి వెడల్పువి, 2 సెంటీమీటర్ల ఎడంతో అతికించి చోక్ రెండు చివరలకి కలపాలి. అప్పుడు బల్బు తీసెయ్యాలి, లేకపోతే దెబ్బలో చాలా భాగం దానికే పోతుంది. ఒకే చేతి చూపుడు వేలు ఒక ముక్క మీద, మధ్య వేలు రెండో దాని మీద. రెండు చేతులతో పట్టుకునే పిడులు వద్దు. ఒకే చేతి వేళ్ళ మధ్యైతే కరెంటు గుండె దగ్గరికి వెళ్ళదు. జనం చేతులు పట్టుకుని గొలుసుగా నిలబడే ఆట కూడా అందుకే వద్దు. 1746లో ఫ్రాన్సులో నోలే అనే మతగురువు రాజు ఎదుట 180 మంది సైనికుల్ని అలా నిలబెట్టి ఒకేసారి ఎగిరిపడేలా చేశాడు. వీడియోల్లో ఆ కథ చూసి మీవాడూ మోజుపడొచ్చు. అందులో ప్రతి ఒక్కరికీ కరెంటు ఛాతీ మీదుగానే పోతుంది.

అయితే ఈ ఫాయిల్ ముక్కలు ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్ళాలా? నా మాటైతే వద్దనే. మీ అత్తగారికి పేస్‌మేకర్ ఉందని మీకు తెలుసు. బల్ల ముందు వరసలో నిలబడ్డ ఎవరికి ఉందో మీ అబ్బాయికి తెలియదు. గుండె లయ జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్ళు, గర్భిణులు, పసిపిల్లలు దీన్ని ముట్టుకోకూడదు. వాళ్ళను తొమ్మిదో తరగతి పిల్లాడు అడిగి తెలుసుకుని ఆపగలడా? నియాన్ బల్బు మాత్రమే చూపిస్తే ఆ బాధే ఉండదు, చోక్ చివరలు టేపుతో మూసేయొచ్చు, చెప్పే సైన్సులో రవ్వంత కూడా తగ్గదు. వాడు తప్పనిసరిగా షాకే చూపించాలంటే టీచర్ అనుమతి, పక్కన ఒక పెద్ద మనిషి, చదివాకే చెయ్యి పెట్టేలా పెద్ద అక్షరాల బోర్డు, ఇవన్నీ ఉండాలి. వాడికి అంత శ్రమ అక్కర్లేదనిపిస్తే బల్బుకే ఒప్పుకుంటాడు.

సంక్రాంతి షేక్‌హ్యాండ్ మాత్రం నేను ఒప్పుకోను. ఒక మిల్లీజౌల్ మనిషిని ఏమీ చెయ్యదు, ఉలికిపాటు చేస్తుంది. వేడి కాఫీ గ్లాసు చేతిలో ఉన్న బావ, పసిబిడ్డను ఎత్తుకున్న అక్క, మెట్ల మీదున్న తాతగారు చెయ్యి విదిలిస్తే దెబ్బ తగిలేది అక్కడ. పైగా అడక్కుండా ఒకరి ఒంట్లోకి కరెంటు పంపే హక్కు ఎవరికీ లేదు. ఈ మాట మీకంటే మీవారు చెబితే బాగా ఎక్కుతుంది, ఎందుకంటే ఆయన వాడి పక్షాన ఉన్న మనిషి. బావలు తామంతట తాము "ఏదిరా, చూపించు" అని వేళ్ళు పెడితే అది వేరు సంగతి.

అత్తగారి విషయంలో ఒక కచ్చితమైన గీత గియ్యండి: ఆవిడ ఈ సర్క్యూట్‌ని ముట్టుకోకూడదు, అది పనిచేస్తున్నంతసేపూ ఆ బల్ల దగ్గరికి రాకూడదు. పని అయ్యాక సెల్ తీసి వేరే చోట పెట్టాలి. సెల్ లేని చోక్ ఉత్త ఇనుము.

ఇంకొక్కటి, మీ తమ్ముడి గురించి చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను. మీ ఇంటి మెయిన్ బోర్డులో 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో ఈ వారంలో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. గోడ కరెంటు మనిషి ఒంట్లోంచి భూమికి పోవడం మొదలైతే రెప్పపాటులో ఆపేది అదే. దాని మీదుండే టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కే పని మీ అబ్బాయికి అప్పగించండి. నొక్కగానే పడిపోవాలి, పడకపోతే మార్చాలి. కానీ బ్యాటరీతో నడిచే ఫ్లాష్ బోర్డు నుంచి గానీ ఈ చోక్ నుంచి గానీ అది కాపాడదని వాడికి చెప్పండి, ఆర్‌సీసీబీ ఉంది కదాని ధైర్యం చేసే అవకాశం ఉంది.

చివరికి, "ముందు నీ చేతికే పెట్టి చూపిస్తా" అన్న మాట. ఒప్పుకోవాల్సిన పని లేదు, ఒప్పుకోకపోతే మీరు వాణ్ణి నమ్మనట్టూ కాదు. ముందు లెక్క కాగితం మీద చూపించమనండి, తర్వాత దీపం ఆర్పి బల్బు చూపించమనండి. ఆ నారింజ వెలుగు ఒక కడ్డీ నుంచి ఇంకో కడ్డీకి మారడం చూశాక కూడా మీకు వద్దనిపిస్తే వద్దనండి. పెట్టి చూద్దామనిపిస్తే, ఒంట్లో ఏ గుండె జబ్బూ లేకపోతే, కుడిచేతి రెండు వేళ్ళు ఫాయిల్ మీద పెట్టి, స్విచ్ మాత్రం మీ ఎడమచేతి కిందే ఉంచుకోండి. బెల్ స్విచ్ ప్లాస్టిక్‌ది కాబట్టి ఆ చేతికి ఏమీ తగలదు. ఎప్పుడు నొక్కాలో, ఎప్పుడు వదలాలో మీరే చూసుకుంటారు.